పాత మోటారు సైకిలుకు కొత్త సైలెన్సర్ – మార్పిడి వేరు, మార్పు వేరు

(ప్రత్యేక వ్యాసం)

తెల్లవారుజామున పాల క్యాన్లు మోసేవారు, దినపత్రికలు పంపిణీ చేసేవారు, గ్రామగ్రామానికి తిరిగి వస్త్రాలు, ప్లాస్టిక్ సామాను విక్రయించే చిరు వ్యాపారులు మొదలైన వారిలో పలువురి జీవనోపాధి పదిహేను, ఇరవై సంవత్సరాల క్రితం కొన్న మోటారు సైకిళ్లపైనే ఆధారపడి ఉన్నది. ఇంజను బాగానే పనిచేస్తున్నప్పటికీ, ఇటువంటి వాహనాలలో తుప్పు పట్టి చిల్లులు పడే భాగాలలో ముందు వరుసలో ఉండేది సైలెన్సర్. దానిని ఎప్పుడో ఒకప్పుడు మార్చుకోక తప్పదు. అసలు నమూనాకు సరిపోయే భాగాన్ని అమర్చుకోవడమా, చవకగా దొరికే ఖాళీ గొట్టాన్ని తగిలించుకోవడమా అన్న నిర్ణయం మాత్రం వాహన యజమానిని చట్టం దృష్టిలో రెండు వేర్వేరు స్థానాలలో నిలబెడుతుంది.

విశాఖపట్నం, హైదరాబాదు తదితర నగరాలలో పోలీసులు అధిక శబ్దం చేసే సైలెన్సర్లను స్వాధీనపరచుకుని రోడ్డు రోలరుతో తొక్కించి ధ్వంసం చేసిన వార్తలు ఇటీవలి సంవత్సరాలలో పలుమార్లు వెలువడ్డాయి. ఆ వార్తల వలన సైలెన్సర్ మార్చడమే నేరమన్న అభిప్రాయం కొందరిలో ఏర్పడింది. అది సరికాదు. పాడైన భాగం స్థానంలో అదే కొలతలు, అదే లక్షణాలు గల భాగాన్ని అమర్చడం మార్పిడి. అది మరమ్మతు కిందకు వస్తుంది. వాహన స్వభావాన్ని, శబ్దాన్ని మార్చివేసే భాగాన్ని అమర్చడం మార్పు. అది ఉల్లంఘన కిందకు వస్తుంది. ఈ తేడాను సాంకేతికంగా, చట్టపరంగా పాత్రికేయులకు, క్షేత్రస్థాయి అధికారులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సైలెన్సర్ నిర్వహించే పనులు

నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంకు షాఫ్టు రెండు చుట్లు తిరిగిన ప్రతిసారీ ఎగ్జాస్ట్ వాల్వు ఒకసారి తెరుచుకుంటుంది. నిమిషానికి ఆరు వేల చుట్ల వేగంలో ఇది సెకనుకు యాభై సార్లు జరుగుతుంది. తెరుచుకున్న ప్రతిసారీ వందల డిగ్రీల వేడితో, అధిక పీడనంతో వాయువులు ఒక్కసారిగా బయటకు దూసుకువస్తాయి. సైలెన్సర్ లేని ఇంజను చేసే చెవులు చిల్లులుపడే మోతకు మూలం ఈ పీడన తరంగాలే.

సైలెన్సర్ లోపల గదులు, చిల్లుల గొట్టాలు, అడ్డు పలకలు ఉంటాయి. వాయువులు ఒక గది నుండి మరొక గదికి ప్రయాణించే క్రమంలో వ్యాకోచించి నెమ్మదిస్తాయి. శబ్ద తరంగాలు గోడలను తాకి వెనుకకు మళ్లి, ఒకదానినొకటి బలహీనపరచుకుంటాయి. శబ్దాన్ని తగ్గించడంతో పాటు సైలెన్సర్ మరి రెండు పనులు చేస్తుంది. విషవాయువులను, వేడిని చోదకునికి, వెనుక కూర్చున్న వారికి దూరంగా తీసుకువెళుతుంది. ఇంజనుకు తగిన రీతిలో వాయు ప్రవాహాన్ని క్రమబద్ధం చేస్తుంది. కార్బొరేటరులోని జెట్ల పరిమాణాన్ని తయారీదారులు ఈ ప్రవాహాన్ని లెక్కలోకి తీసుకునే నిర్ణయిస్తారు. అందువలన సైలెన్సర్‌ను విడి భాగంగా కాక, ఇంజనులో అంతర్భాగంగా పరిగణించవలసి ఉన్నది.

తుప్పు లోపలి నుండే

సైలెన్సర్‌కు బురద, వాన నీరు తగిలి తుప్పు పడుతుందని సాధారణంగా భావిస్తారు. అది కొంతవరకే నిజం. ఒక లీటరు పెట్రోలు పూర్తిగా మండినప్పుడు సుమారు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో వెలువడుతుంది. వాహనం ఎక్కువ దూరం ప్రయాణించినప్పుడు సైలెన్సర్ పూర్తిగా వేడెక్కి ఆ ఆవిరి బయటకు పోతుంది. ఇంటి నుండి దుకాణానికి, దుకాణం నుండి ఇంటికి ఒకటి రెండు కిలోమీటర్లు మాత్రమే తిరిగే వాహనంలో ఆవిరి చల్లబడి నీరై లోపలే నిలిచిపోతుంది. దహన వాయువులలోని ఆమ్ల పదార్థాలు ఆ నీటిలో చేరి రేకును లోపలి నుండి తినివేస్తాయి. పైన క్రోము పూత మెరుస్తూనే ఉండగా అడుగున వేలితో నొక్కితే రేకు లోపలికి పోవడానికి కారణం ఇదే. సముద్ర తీర ప్రాంతాలలో ఉప్పు గాలి వలన బయటి తుప్పు కూడా దీనికి తోడవుతుంది.

పలు సైలెన్సర్ల అడుగుభాగంలో సూదిమొన కన్నా కొంచెం పెద్దదైన రంధ్రం ఒకటి ఉంటుంది. నీరు బయటకు పోవడానికి తయారీదారులే దానిని ఏర్పాటు చేస్తారు. దానిని తుప్పు చిల్లుగా పొరబడి వెల్డింగుతో మూసివేయరాదు. మూసివేసిన సైలెన్సర్‌లో నీరు నిలిచి, రేకు మరింత త్వరగా పాడవుతుంది.

మార్చే ముందు నిర్ధారణ

శబ్దం పెరిగిన ప్రతిసారీ సైలెన్సర్ మార్చవలసిన అవసరం లేదు. చాలా సందర్భాలలో సిలిండర్ హెడ్డు వద్ద బెండ్ పైపు కలిసే చోట ఉండే గాస్కెట్ కాలిపోవడం, అక్కడి నట్లు వదులు కావడం వలన శబ్దం వస్తుంది. హెడ్డు వద్ద నల్లని మసి చారలు కనిపించడం, వేగం తగ్గించినప్పుడు సైలెన్సర్‌లో టపటపమని పేలుళ్లు వినిపించడం దీనికి గుర్తులు. అతి తక్కువ ఖర్చుతో గాస్కెట్ మార్చుకుంటే సరిపోతుంది.

1985 నుండి 1996 వరకు దేశంలో తయారైన యమహా ఆర్‌ఎక్స్ 100 వంటి రెండు స్ట్రోకుల వాహనాలలో పరిస్థితి భిన్నంగా ఉంటుంది. వీటిలో పెట్రోలుతో పాటు ఇంజను ఆయిలు కూడా మండుతుంది గనుక, జిగట మసి పేరుకుని సైలెన్సర్ పూడుకుపోతుంది. బండి లాగకపోవడం, పొగ పెరగడం దీని లక్షణాలు. ఇటువంటి సందర్భంలో లోపలి చిల్లుల గొట్టాన్ని బయటకు తీసి, మసి తొలగించి తిరిగి అమర్చితే వాహనం మునుపటివలె పనిచేస్తుంది. శుభ్రపరచడానికి బదులు ఆ గొట్టాన్ని తీసి పారవేయడం కొన్ని చోట్ల అలవాటుగా ఉన్నది. అలా చేసిన మరుక్షణం అది మరమ్మతు కాకుండా పోతుంది.

బయటి రేకుకు ఒక చిన్న చిల్లు పడినప్పుడు వెల్డింగుతో అతుకు వేయించుకోవచ్చును. రేకు పలుచబడి పలు చోట్ల చిల్లులు పడినప్పుడు, లోపలి పలకలు ఊడి గలగలమని శబ్దం చేస్తున్నప్పుడు, బిగింపు పట్టీ విరిగి గొట్టం వేలాడుతున్నప్పుడు మాత్రం కొత్తది అమర్చడమే మార్గం. వాహనం నడుస్తుండగా ఊడిపడిన సైలెన్సర్ వెనుక వచ్చే వాహనదారులకు ప్రాణాపాయం కలిగించగలదు.

చట్టం ఏమి చెబుతున్నది

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 లోని 120వ నిబంధన ప్రకారం ప్రతి మోటారు వాహనానికి సైలెన్సర్ తప్పనిసరి. ఇంజను నుండి వెలువడే వాయువుల శబ్దాన్ని సాధ్యమైనంత మేరకు తగ్గించే విధంగా అది ఉండాలి. పర్యావరణ (పరిరక్షణ) నిబంధనలు, 1986 లో నిర్దేశించిన శబ్ద ప్రమాణాలకు అనుగుణంగా వాహనాన్ని తయారుచేయడమే కాక, నిర్వహించవలసిన బాధ్యతను కూడా అదే నిబంధన విధించింది. ఇంధన గొట్టానికి 35 మిల్లీమీటర్ల లోపు దూరంలో ఎగ్జాస్ట్ పైపు ఉండరాదని 113వ నిబంధన పేర్కొంటున్నది.

ద్విచక్ర వాహనాలకు ప్రస్తుతం అమలులో ఉన్న శబ్ద పరిమితులు ఇంజను సామర్థ్యాన్ని బట్టి ఈ విధంగా ఉన్నాయి: 80 సి.సి. వరకు 75 డెసిబెల్స్, 80 సి.సి. పైబడి 175 సి.సి. వరకు 77 డెసిబెల్స్, 175 సి.సి. పైబడిన వాటికి 80 డెసిబెల్స్. ఇవి తయారీ దశకు నిర్దేశించిన పరిమితులు. వేగం పెంచుతూ వెళ్లే వాహనం నుండి 7.5 మీటర్ల దూరంలో, నిర్ణీత పద్ధతిలో వీటిని కొలుస్తారు. గొట్టం చివర మొబైల్ ఫోను పెట్టి చూపిన సంఖ్యను ఈ పరిమితులతో పోల్చడం శాస్త్రీయం కాదు. డెసిబెల్స్ సంఖ్యను వార్తలో గాని, నివేదికలో గాని పేర్కొనేటప్పుడు ఎంత దూరం నుండి, ఏ పద్ధతిలో కొలిచినదీ తెలియజేయడం అవసరం. డెసిబెల్ లెక్క సాధారణ కూడిక కాదన్న విషయం కూడా గుర్తుంచుకోవాలి. మూడు డెసిబెల్స్ పెరిగితే శబ్ద శక్తి రెట్టింపు అవుతుంది; పది పెరిగితే పది రెట్లవుతుంది.

మోటారు వాహనాల చట్టం, 1988 లోని 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను ధ్రువపత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యే విధంగా వాహనంలో మార్పులు చేయరాదు. ఈ సూత్రాన్ని సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఒక తీర్పులో పునరుద్ఘాటించింది. అదే సంవత్సరం చట్టానికి చేసిన సవరణ ద్వారా చేరిన 182ఎ సెక్షను ప్రకారం, అనుమతి లేని రీతిలో వాహన భాగాలను మార్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలుశిక్ష, లేదా ఒక్కొక్క మార్పునకు రూ. 5,000 జరిమానా, లేదా రెండూ విధించవచ్చును. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘించే వాహనాన్ని బహిరంగ ప్రదేశంలో నడిపినట్లయితే 190వ సెక్షను రెండవ ఉపసెక్షను కింద మొదటి నేరానికి మూడు నెలల వరకు జైలుశిక్ష, లేదా రూ. 10,000 వరకు జరిమానా, లేదా రెండూ విధించడంతో పాటు, మూడు నెలలు లైసెన్సు పొందే అర్హతను కోల్పోయే అవకాశం ఉన్నది. రోజుకు కొన్ని వందల రూపాయలు సంపాదించుకునే వ్యక్తికి ఈ శిక్షలో జరిమానా కన్నా లైసెన్సు కోల్పోవడమే పెద్ద నష్టం.

పదిహేను సంవత్సరాలు నిండిన మోటారు సైకిలు రిజిస్ట్రేషను పునరుద్ధరణకు వెళ్లినప్పుడు వాహనాన్ని తనిఖీ చేయించవలసి ఉంటుంది. పాత వాహనాల యజమానులకు సైలెన్సర్ స్థితి తీవ్ర సమస్యగా ఎదురయ్యేది సాధారణంగా ఈ దశలోనే.

సరైన భాగం ఎంపిక

1985లో మార్కెట్లోకి వచ్చిన హీరో హోండా సి.డి. 100, 1994లో వచ్చిన స్ప్లెండర్ వంటి వాహనాలు దీర్ఘకాలం విరివిగా అమ్ముడైనందున వాటి విడిభాగాలు జిల్లా కేంద్రాలలోనే కాక చిన్న పట్టణాలలో సైతం లభిస్తాయి. తయారీ నిలిచిపోయిన నమూనాలకు అసలు కొలతల ప్రకారం ఇతర సంస్థలు తయారుచేసే భాగాలపై ఆధారపడవలసి వస్తుంది. ఏది కొన్నప్పటికీ పాత సైలెన్సర్‌ను దుకాణానికి వెంట తీసుకువెళ్లి, పక్కపక్కన ఉంచి పోల్చుకోవడం ఉత్తమం. బెండ్ పైపు వంపు, గొట్టం వ్యాసం, మొత్తం పొడవు, బిగింపు పట్టీల స్థానం, వేడి కవచం బిగించే రంధ్రాలు సరిపోవాలి. బరువు కూడా ఒక ఆధారమే. పాత దానితో పోల్చితే మరీ తేలికగా ఉన్న సైలెన్సర్ లోపల పలకలు లేవని అనుమానించవలసి ఉన్నది. వెనుక రంధ్రం గుండా టార్చి వెలుతురు వేసినప్పుడు ముందు కొస వరకు ఖాళీగా కనిపిస్తే అది సైలెన్సర్ కాదు, కేవలం గొట్టం.

వాహనం తయారైన సంవత్సరం మరొక ముఖ్యాంశం. ద్విచక్ర వాహనాలకు భారత్ స్టేజ్–2 ప్రమాణాలు 2005లో, స్టేజ్–3 ప్రమాణాలు 2010లో, స్టేజ్–4 ప్రమాణాలు 2017లో, స్టేజ్–6 ప్రమాణాలు 2020లో అమలులోకి వచ్చాయి. ప్రమాణాలు కఠినమయ్యే కొద్దీ సైలెన్సర్‌లో ఉత్ప్రేరక పరికరం, అంటే కెటలిటిక్ కన్వర్టర్, అమర్చిన నమూనాలు పెరిగాయి. అది విషవాయువులను తక్కువ హానికరమైన వాయువులుగా మారుస్తుంది. అటువంటి వాహనానికి ఆ పరికరం లేని పాత నమూనా సైలెన్సర్ చక్కగా బిగుసుకున్నప్పటికీ, ఉద్గారాల పరంగా అది తగినది కాదు. పేరు ఒకటే అయినా సంవత్సరాన్ని బట్టి భాగం మారవచ్చును గనుక, దుకాణదారుకు నమూనా పేరుతో పాటు తయారీ సంవత్సరాన్ని కూడా తెలియజేయాలి. కొనుగోలు రశీదును భద్రపరచుకోవాలి. తనిఖీ సందర్భంలో అది ఉపయోగపడుతుంది.

బిగించే విధానం

ఇంజను పూర్తిగా చల్లబడిన తరువాతనే పని ప్రారంభించాలి. వాహనాన్ని సమతల ప్రదేశంలో సెంటర్ స్టాండుపై నిలపాలి. పాత వాహనాలలో ఎదురయ్యే ప్రధాన సమస్య హెడ్డు వద్ద స్టడ్లపై తుప్పు పట్టి బిగుసుకుపోయిన నట్లు. ముందు రోజు రాత్రే వాటిపై తుప్పు వదిలించే నూనె వేసి ఉంచాలి. మరునాడు సరైన కొలత గల రింగ్ స్పానరుతో నట్టును ముందుగా కొద్దిగా బిగించే దిశలో, పిమ్మట వదులు చేసే దిశలో మార్చి మార్చి కదిలిస్తూ విప్పాలి. బలవంతంగా ఒకేసారి తిప్పినట్లయితే స్టడ్డు విరిగి అల్యూమినియం హెడ్డులోనే ఉండిపోతుంది. దానిని తీయడానికి హెడ్డు విప్పి లేత్ షాపుకు తీసుకువెళ్లవలసి రావచ్చును. కొద్ది నిమిషాల తొందరపాటు సైలెన్సర్ ధర కన్నా ఎక్కువ ఖర్చుకు దారితీస్తుంది. అనుభవం లేనివారు నట్టు కదలని పక్షంలో ఆగి, మెకానిక్‌ను సంప్రదించడం మేలు.

ముందు నట్లు విప్పిన తరువాత వెనుక బోల్టును తీయాలి. కొన్ని నమూనాలలో వెనుక ఫుట్‌రెస్టును, సైలెన్సర్‌ను ఒకే బోల్టు పట్టి ఉంచుతుంది. తీసిన వాషర్లను, రబ్బరు బుష్‌లను తీసిన వరుసలోనే ఒక పళ్లెంలో ఉంచుకుంటే తిరిగి అమర్చేటప్పుడు పొరపాటు జరగదు.

తరువాతి దశ హెడ్డు రంధ్రాన్ని శుభ్రపరచడం. కాలిన పాత గాస్కెట్ అక్కడే అతుక్కుని ఉంటుంది. దానిని గమనించకుండా కొత్త గాస్కెట్‌ను పైన పెట్టడం తరచుగా జరిగే పొరపాటు. ఫలితంగా గొట్టం సరిగా కూర్చోక వాయువు కారుతుంది. పాత గాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చును గనుక, దానిని తడిపి, పొడి లేవకుండా తొలగించాలి, నోటితో ఊదరాదు. స్టడ్ల మరలను తీగ బ్రష్‌తో శుభ్రపరచి, వేడికి తట్టుకునే రాగి పేస్టు పలుచగా పూసినట్లయితే తదుపరి మార్పిడి సులభమవుతుంది.

కొత్త గాస్కెట్‌ను అమర్చి, బెండ్ పైపును నిటారుగా రంధ్రంలో కూర్చుండబెట్టి, రెండు నట్లను చేతి వేళ్లతో మాత్రమే ఎక్కించాలి. వెనుక బోల్టును కూడా అదేవిధంగా వదులుగా అమర్చాలి. అన్ని బిగింపులు తమ స్థానాలలో కుదిరిన పిమ్మటనే స్పానరు వాడాలి. ముందు నట్లు రెండింటినీ కొంచెం కొంచెంగా, ఒకదాని తరువాత ఒకటిగా సమానంగా బిగించాలి. ఒకదానిని పూర్తిగా బిగించి రెండవదానికి వెళ్లినట్లయితే ఫ్లాంజి వంగి ఒక వైపు సందు ఏర్పడుతుంది. చివరగా వెనుక బోల్టును బిగించాలి. ముందుగా వెనుక వైపు బిగించి, ముందు భాగాన్ని బలవంతంగా లాగి కలిపిన సైలెన్సర్ నిరంతరం ఒత్తిడికి లోనై, ఇంజను కంపనాలకు కొంతకాలానికే పట్టీ వద్ద చీలుతుంది. రెండు ముక్కలుగా ఉండే నమూనాలలో మధ్యనున్న క్లాంపును కూడా ముందు నట్లు బిగించిన తరువాతనే బిగించాలి.

వేడి కవచాన్ని తిరిగి అమర్చడం మరువరాదు. అది అలంకారం కాదు. వెనుక కూర్చున్న స్త్రీల చీర కొంగు, పిల్లల కాళ్లు వేడి గొట్టానికి తగలకుండా కాపాడేది అదే. సైలెన్సర్ తాకి పిల్లల పిక్కలపై కాలిన గాయాలు కావడం ప్రతి ఊరిలోనూ కనిపించే విషయం.

బిగించిన తరువాత పరీక్షలు

ఇంజనును ఆరుబయట మాత్రమే ప్రారంభించాలి. మూసి ఉన్న గదిలో ఇంజనును నడిపితే వాసన, రంగు లేని కార్బన్ మోనాక్సైడ్ వాయువు ప్రాణాంతకం కాగలదు. మొదటి కొన్ని నిమిషాలు కొత్త సైలెన్సర్ నుండి పలుచని పొగ రావడం సహజం. తయారీలో పూసిన నూనె కాలడమే దానికి కారణం. ఇంజను ఇంకా వేడెక్కక ముందే మందపాటి గుడ్డతో వెనుక రంధ్రాన్ని ఒక్క క్షణం పాక్షికంగా మూసి వినాలి. హెడ్డు వద్ద గాని, క్లాంపు వద్ద గాని బుస్సుమనే శబ్దం వస్తే అక్కడ వాయువు కారుతున్నట్లు గుర్తించాలి.

వెనుక బ్రేకు పెడలు పూర్తిగా కదులుతున్నదా, కిక్ రాడ్డు సైలెన్సర్‌కు తగులుతున్నదా, వెనుక సస్పెన్షను కుంగినప్పుడు గొట్టానికి ఏదైనా రాసుకుంటున్నదా అన్నది పరిశీలించాలి. కొన్ని నమూనాలలో సెంటర్ స్టాండు పైకి లేచినప్పుడు ఆగే రబ్బరు సైలెన్సర్ పైనే ఉంటుంది. దానిని పాత సైలెన్సర్ నుండి తీసి కొత్తదానికి తొడగకపోతే స్టాండు సరైన చోట ఆగదు. కొద్ది రోజులు నడిపిన తరువాత, ఇంజను చల్లగా ఉన్నప్పుడు నట్లను మరొకసారి సరిచూసుకోవాలి. కొత్త గాస్కెట్ వేడికి అణిగి నట్లు కొంత వదులు కావడం సాధారణం.

అనంతరం కాలుష్య పరీక్ష చేయించుకోవడం మంచిది. వాడకంలో ఉన్న ద్విచక్ర వాహనాలలో 2000 మార్చి 31 వరకు తయారైన వాటికి కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, హైడ్రోకార్బన్లు 9,000 పి.పి.ఎం. గరిష్ఠ పరిమితి. ఆ తరువాత, భారత్ స్టేజ్–4 కు ముందు తయారైన నాలుగు స్ట్రోకుల వాహనాలకు అవి వరుసగా 3.5 శాతం, 4,500 పి.పి.ఎం. ఇక్కడ ఒక విషయం గమనించదగినది. చిల్లులు పడిన సైలెన్సర్‌లోకి బయటి గాలి చేరి వాయువులు పలుచబడినందున పరీక్షలో సంఖ్యలు వాస్తవం కన్నా తక్కువగా కనిపించవచ్చును. అందువలన పరీక్షకు ముందు సైలెన్సర్ స్థితిని కంటితో పరిశీలించని పక్షంలో ఆ ధ్రువపత్రానికి విలువ ఉండదు.

పెద్ద శబ్దం పెద్ద శక్తి కాదు

లోపలి పలకలు తీసివేస్తే బండికి పికప్ పెరుగుతుందన్న అపోహ యువతలో బలంగా ఉన్నది. పాత వాహనాల కార్బొరేటరుకు మారిన వాయు ప్రవాహాన్ని గుర్తించి తనను తాను సరిదిద్దుకునే శక్తి లేదు. ఖాళీ గొట్టం అమర్చినప్పుడు ఇంజనుకు అందే మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గి, ఇంజను వేడెక్కి, ఎగ్జాస్ట్ వాల్వు కాలే ప్రమాదం ఉన్నది. రెండు స్ట్రోకుల ఇంజనులో నష్టం మరింత స్పష్టం. దాని సైలెన్సర్ ఆకారమే తాజా మిశ్రమం బయటకు జారిపోకుండా తిరిగి సిలిండరులోకి నెట్టే విధంగా రూపొందించబడింది. ఆ ఆకారం చెడితే శక్తి తగ్గి, పెట్రోలు వృథా అవుతుంది. పెరిగేది మోత మాత్రమే.

ఆ మోత భారాన్ని మోసేవారు వేరు. శబ్ద కాలుష్య (క్రమబద్ధీకరణ, నియంత్రణ) నిబంధనలు, 2000 ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ వంద మీటర్ల వరకు ప్రకటించే నిశ్శబ్ద మండలాలలో పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్ పరిమితి. అర్ధరాత్రి వీధిలో దూసుకుపోయే ఒక్క ఖాళీ గొట్టం ఆ వీధిలోని పసిపిల్లలను, వృద్ధులను, రోగులను ఒకేసారి నిద్ర లేపుతుంది.

తనిఖీలో గమనించవలసిన అంశాలు

క్షేత్రస్థాయిలో సిబ్బంది పాత వాహనాన్ని ఆపినప్పుడు సైలెన్సర్ కొత్తగా మెరుస్తున్నదన్న కారణం ఒక్కటే ఉల్లంఘనకు ఆధారం కాదు. ఆకారం, పొడవు ఆ నమూనా అసలు సైలెన్సర్‌ను పోలి ఉన్నాయా. వెనుక రంధ్రంలో లోపలి గొట్టం, పలకలు కనిపిస్తున్నాయా. వేడి కవచం ఉన్నదా. ఇంజను నెమ్మదిగా నడుస్తున్నప్పుడు, వేగం పెంచినప్పుడు శబ్దం అదే నమూనా వాహనాల శబ్దానికి దగ్గరగా ఉన్నదా. కొనుగోలు రశీదు, కాలుష్య ధ్రువపత్రం ఉన్నాయా అన్న ఐదు అంశాలను పరిశీలించినట్లయితే, అవసరం కొద్దీ భాగం మార్చుకున్న చిరుద్యోగికి, వినోదం కొద్దీ మోత పెంచుకున్న చోదకునికి మధ్య తేడా తేటతెల్లమవుతుంది. తుప్పు చిల్లుల వలన శబ్దం చేసే వాహనం కూడా నిబంధనలకు అతీతం కాదు. అయితే దాని యజమానికి కావలసినది సరైన భాగం, సరైన సలహా.

ఖాళీ గొట్టాలను అడిగిన వెంటనే బిగించి ఇచ్చే మెకానిక్‌లు, విక్రయించే దుకాణదారులు కూడా తమ బాధ్యతను గుర్తెరగవలసి ఉన్నది. వాహన యజమాని వారి మాటనే నమ్ముతాడు. రోజంతా అటువంటి ఇంజనుల మధ్య పనిచేసే మెకానిక్ వినికిడి శక్తికే ముందుగా ముప్పు వాటిల్లుతుంది.

సరిగా ఎంచుకుని, సరిగా బిగించిన సైలెన్సర్ పాత మోటారు సైకిలుకు మరికొన్ని సంవత్సరాల ఆయుష్షును, దానిపై ఆధారపడిన కుటుంబానికి నిశ్చింతను ఇస్తుంది. వాహన యజమానులు మార్పిడికి, మార్పుకు గల తేడాను గ్రహించి, అసలు నమూనాకు అనుగుణమైన భాగాలనే అమర్చుకోవలసిందిగా, పాత్రికేయులు ఈ విషయంపై ప్రజలలో అవగాహన కల్పించవలసిందిగా కోరడమైనది.